మరుపు నీళ్ళకు లొంగని అంగీ

రోహిణి కార్తెకు పద్నాలుగు రోజులు

మీ ఒంటిమీదున్న అంగీ మీకంటే ముందు ఎవరి ఒంటిమీద ఉండేదో మీకు తెలుసా? గుండెమీద చెయ్యి పెట్టుకుని చెప్పండి. తెలియదు! అమ్మిన కొట్టువాడు చెప్పలేదు, మీరు అడగలేదు. పత్తి చచ్చిపోయి, ఆఖరి మగ్గం ఆగిపోయి పందొమ్మిదేళ్ళయింది. ఈ భూమ్మీద ఉన్నవాళ్ళందరం ఇంకొకరి బట్ట కట్టుకుని తిరుగుతున్నవాళ్ళమే. అయినా అడగం!

నా కొట్టులో అలా కాదు. ఫోనులో పొరుగు సంత తెరిచి ‘కెజియమ్మ సాక్ష్యాల కొట్టు’ అని వెతకండి. అందరూ ఫోటో కింద కొలతలు రాస్తారు. నేను సాక్ష్యం రాస్తాను. నిన్న, ఎండలో ఒళ్ళు చల్లబరిచే చల్లంగీ ఒకదాని కింద ఇలా రాశాను: ‘ఇది రేలంగి సుభద్రమ్మది. నలుగురిని కన్నది, ఐదు తుఫానులు చూసింది, ఎవరిమీదా చాడీ చెప్పలేదు.’ పెట్టిన గంటలో ఎగిరిపోయింది. స్తోత్రం! కొట్టు పేజీలోనే ఈ దినచర్య కూడా రాస్తున్నాను. కొనేవాళ్ళు కొనండి, కొననివాళ్ళు వాక్యమైనా వినండి.

ఈ పొద్దున స్టీలు సామాను పడవకెత్తి, గట్టు పొడవునా కేకలు వేసుకుంటూ తిరిగాను. “పాత అంగీలకు స్టీలు గిన్నెలోయ్! పాత బొమ్మలకు స్టీలు గరిటెలోయ్!” గట్టంటే వెనకటి రైలు కట్ట. నీళ్ళు ఊళ్ళు మింగినప్పుడు మిగిలింది ఇదొక్కటే. దీని మీదే మా ఇళ్ళు, మా బడి, నా ప్రార్థన పాక. ఇవాళ ఒక చల్లంగీ, మూడు చీరలు, మూత లేని కీలుబొమ్మల పెట్టె ఒకటి దొరికాయి.

చల్లంగీ ఒక ఒంటికి అలవాటు పడిందంటే ఆ ఒంటినే చల్లబరుస్తుంది, ఇంకొకరిని పట్టించుకోదు. కాబట్టి అమ్మేముందు మూడు రోజులు మరుపు నీళ్ళలో వెయ్యాలి, పాత ఒంటిని మరిచిపోయేదాకా. మిగతా కొట్లవాళ్ళు పైపైన చిలకరించి సరిపెడతారు. నేను ఒప్పుకోను. బాప్తిస్మమంటే నిండా ముంచడమే! తొట్టి దగ్గర ప్రార్థన చేసి మరీ ముంచాను.

ఫోటోలు తీసేది మా తోడికోడలు వజ్రమ్మ. దానికి నా ప్రసంగాలు పట్టవు, నా కొట్టు పడుతుంది.

“అక్కా, అంగీకి కూడా ప్రార్థన సేసేత్తన్నావేటి? అది ఆమెనంటదా?”

“అంటుంది. నీకే వినిపించదు.”

“నాకు వినిపిత్తే ఫోటో ఎవరు తీత్తారు? కాత్త తప్పుకో, నీ నీడ పడతంది.”

రోహిణికి పదకొండు రోజులు

ఈ ఏడు వచ్చిన అంగీల్లో ముప్పై ఒకటోది మరిచిపోలేదు.

మూడు రోజులు నానబెట్టి తీసి ఎండలో వేశాను. మరిచిపోయిన అంగీ ఎండలో వేస్తే పెనంలా కాలుతుంది. ఇది మట్టికుండలా చల్లగా ఉంది! మళ్ళీ ముంచాను. “ఓసి మొండిదానా, పాత మనిషిని వదలవే!” అని తొట్టిమీద వంగి గద్దించాను. అటు వెళ్తున్నవాళ్ళు ఆగి చూశారు. చూడనీ!

ఈ అంగీ నూకరత్నం ఇచ్చింది, ఒక స్టీలు గంగాళానికి. ఆమె మొగుడు ఓలేటి పోలయ్య పదకొండు నెలల క్రితం తెల్లవారుజామున వేటకు పోయాడు. ఎండెక్కకముందే వచ్చేస్తానని అంగీ కొక్కేనికే వదిలేశాడు. గాలి లేచింది. పడవా రాలేదు, మనిషీ రాలేదు. ఎండగంటల్లో అంగీ లేనివాడు మిట్టమధ్యాహ్నం దాకా బతకడని చిన్నపిల్లలకు కూడా తెలుసు. అందరం ఏడ్చాం. నేనే వాక్యం చెప్పాను.

అంగీతో పాటు ఒక పూస ఉంటుంది, మెడలో దారానికి వేలాడేది. ఒంటి వేడి ఎంతో అంగీకి చెప్పేది అదే. బతికున్నవాళ్ళు అంగీ అమ్మితే పూస కూడా తీసి ఇస్తారు. పూస లేకుండా అంగీ ఒక్కటే వచ్చిందంటే మనిషి పోయాడు, పూస అతనితో పాటు మట్టిలో ఉంది. సంతలో ఉన్న వ్యాపారులందరిదీ ఇదే లెక్క. నాదీ అదే.

మొండి అంగీలు ఇంతకుముందూ వచ్చాయి, ఇది నాకు ఏడోది. తొడుక్కోవడానికి పనికిరావు గానీ, ఎప్పుడూ చల్లగా ఉంటాయి కదా, మజ్జిగ కుండకు చుట్టుకోవడానికి జనం కొనుక్కుంటారు. ఇవాళ ఆదివారం కదా, దీనిమీదే గంటన్నర ప్రసంగించాను: నీళ్ళలో మునిగి లేచి కూడా లోపల పాత మనిషిని దాచుకున్నవాళ్ళారా, మీరు ఈ ముప్పై ఒకటో అంగీ లాంటివాళ్ళు! పాకంతా ఆమెన్లతో అదిరిపోయింది.

ప్రసంగం కాగానే ‘మొండిది’ అని రాసి సంతలో పెట్టాను.

రోహిణికి తొమ్మిది రోజులు

ఇవాళ పెద్ద శుభవార్త! కొండమీద ఊరి నుంచి రాయసం శ్రీపాదరావు గారు ఫోను చేశారు. అరుదైన అంగీలు సేకరించే పెద్దమనిషి.

“కెజియ గారూ, మీ మొండి అంగీ మాకు ఇప్పించండి. మా గాజు బీరువాలో ఇలాంటివి పదకొండు ఉన్నాయి. ఇది పన్నెండోది అవుతుంది.”

“కుండకు చుట్టుకుంటారా అండీ?”

“అయ్యయ్యో, కుండకా! దర్శనానికండీ. ఎన్నేళ్ళయినా యజమానిని మరవని బట్ట! అంతకంటే విశ్వాసం ఎక్కడుంది? బదులుగా ఏం కావాలో చెప్పండి.”

నేను ఇరవై ఏళ్ళుగా ప్రార్థనలో అడుగుతున్నది ఒక్కటే. “మైకుసెట్టండి. గట్టు ఆ చివర నుంచి ఈ చివరకు వినిపించేది.”

“నాలుగు బాకాలది మా మేడమీద ఊరికే ఉంది. తీసుకోండి.”

సంత తెరమీద బొటనవేలు వేసి ఒప్పేసుకున్నాను. వేలు వేశాక మాట తప్పితే ఇచ్చిన గడువు రోజు పొద్దుగూకగానే కొట్టు మూసేస్తారు, పేజీతో సహా. ఎందుకు తప్పుతాను? రోహిణికి ముందురోజు ఆయన పడవ వస్తుంది. నాలుగు బాకాలు! హల్లెలూయ!

రోహిణికి ఎనిమిది రోజులు

నిదానంగా రాయాలి. రాయలేకపోతున్నాను.

పొద్దున వజ్రమ్మ అంగీని దండెం మీద వేసి ఆఖరి ఫోటోలు తీస్తోంది. ఉన్నట్టుండి విసుక్కుంది.

“అక్కా, ఈ ఎడం చెయ్యి తడిసిపోయింది. నువ్వేవైనా నీళ్ళు జల్లేవా?”

“నేనెందుకు జల్లుతాను?”

వెళ్ళి చూశాను. అంగీ ఎడమ సగం నిండా సన్నటి చెమ్మ, చల్లటి గ్లాసుకు పట్టినట్టు. కుడి సగం పొడిగా ఉంది. తుడిచేసి, తిప్పి వేశాం. రెండు పాటలు పాడేంతసేపు గడిచింది. ఈసారి కుడి సగానికి చెమ్మ పట్టింది! మళ్ళీ తిప్పాం. మళ్ళీ మారింది. ఎలా తిప్పినా సముద్రం వైపున్న సగానికే, అందులోనూ ఆగ్నేయానికే. దండెం తీసుకెళ్ళి పాక వెనక కట్టి చూశాం. అక్కడా అంతే.

వజ్రమ్మ ఫోను దించి రెండడుగులు వెనక్కి వేసింది. “దెయ్యమక్కా. ఆడు సముద్రంలోంచి పిలుత్తన్నాడు.”

“నోరుముయ్యి. దెయ్యానికి ఒళ్ళు కాలుతుందా? ఒళ్ళు లేనివాడికి చల్లదనమెందుకే?”

ఆ మాట నా నోట్లోంచి వచ్చింది. వచ్చాక నా చెవిన పడింది.

పూస మట్టిలో చల్లారిపోతేనే అంగీ మరిచిపోతుంది. పూస ఒక వెచ్చటి మెడలో ఇంకా వేలాడుతుంటే ఎందుకు మరిచిపోతుంది? ఎన్ని నీళ్ళలో ముంచితే మాత్రం ఎలా మరిచిపోతుంది? అది మొండితనం కాదు. అటువైపు ఒకడు కాలిపోతుంటే ఇది ఇక్కడి నుంచి చల్లదనం పంపుతోంది!

పరుగెత్తి నా పాత సాక్ష్యాలు తిరగేశాను. నేను ఇదివరకు అమ్మిన ఆరు మొండి అంగీలూ శవం దొరకని ఇళ్ళవే. ఆరుకి ఆరు! నీళ్ళలో పోయారని మనమే అనుకున్నవాళ్ళవి. ఆ ఆరింటినీ నేను ముంచాను, గద్దించాను, మజ్జిగ కుండలకు అమ్మాను.

పవిత్ర వాక్యం ఒడిలోనే ఉంది. తెరవక్కర్లేకపోయింది. ప్రభువు పైన సిలువ కొయ్యమీద ఇంకా ఊపిరితో ఉండగానే కిందున్న సైనికులు ఆయన అంగీ కోసం చీట్లు వేసుకున్నారు. ఇరవై ఏళ్ళుగా ఆ సైనికులను తిడుతూ ప్రసంగిస్తున్నాను. నేనూ చీటీ వేసినదాన్నే. నాకు మైకుసెట్టు తగిలింది.

రోహిణికి ఏడు రోజులు

అంగీ చంకన పెట్టుకుని నూకరత్నం ఇంటికి వెళ్ళాను. ఆమె నేనిచ్చిన గంగాళంలోనే గిన్నెలు తోముతోంది. బొట్టు లేని నుదురు నా వైపు ఎత్తింది.

“గంగాళం బానే ఉందండి అమ్మగారూ. మారుబేరమేటి?”

చెప్పాను. చెమ్మ చూపించాను. ఆమె ముట్టుకోలేదు.

“మీరేనండి ఆయన పరలోకంలో ఉన్నాడని సెప్పింది. ఈ గుమ్మంలోనే సెప్పేరు. నేను నమ్మేను. నమ్మి, ఏడిసి, ఊరుకున్నాను. ఇప్పుడొచ్చి సముద్రంలో ఉన్నాడంటన్నారు. మీకు నోటి పనండి, నాకు బతుకండి.”

అంగీ గడప మీద పెట్టి నిలబడ్డాను. నీడ జానెడు జరిగింది. ఆమె కళ్ళు అంగీ మీద నుంచి కదల్లేదు. సముద్రం వైపు భుజాన చెమ్మ చుక్క కట్టి, గడపమీద పడింది.

“ఆ బుజానే వల మోసేవోడు,” అంది. అప్పుడు అంగీ ఎత్తి మొహానికి అదుముకుంది. “ఎంతదూరమండి?”

“తెలియదమ్మా. చెమ్మ చెబుతుంది.”

“అయితే గిన్నెలు తరవాత తోముకుంటాను.”

రోహిణికి నాలుగు రోజులు

నిన్న సాయంత్రం తిరిగి చేరాం. ఇప్పుడు జరిగింది రాస్తాను, మీరు కూర్చుని వింటున్నారో లేదో గానీ నేను నిలబడి రాస్తున్నాను!

నూకరత్నం తెడ్డు వేసింది, నేను పడవ ముందు కూర్చుని అంగీని రెండు చేతులా జెండాలా పట్టుకున్నాను. ఎడమ పక్క తడిస్తే ఎడమకు, కుడి పక్క తడిస్తే కుడికి. నడుమ తడిస్తే నేరుగా! పగలంతా మా అంగీలు మా ఒళ్ళు కాచాయి. నీళ్ళమీద ఎండ ఎలా ఉందంటే, పడవ అంచుకు మోచెయ్యి తగిలితే బొబ్బ లేచింది. ఒక రాత్రి మునిగిన ఊరి గోపురానికి పడవ కట్టుకుని కునుకు తీశాం.

రెండో పొద్దున అంగీ నిండా నీళ్ళు కారడం మొదలైంది. పిండితే ధార కడుతోంది! ఎదురుగా నీళ్ళలోంచి లేచిన పాత తుఫాను షెల్టరు, పైఅంతస్తు ఒక్కటే. నూకరత్నం పడవలో నిలబడి అరిచింది.

“ఓ మాయ్యా! పోలయ్య మాయ్యా!”

మళ్ళీ అరిచింది. కిటికీలో గడ్డం, ఆ వెనక మనిషి. నల్లగా, ఎండుచేపలా, మెడలో పూసతో. మమ్మల్ని చూసి లోపలికి పారిపోయాడు! ఎండకు మతి చలించి పెళ్ళాం కనబడుతోందనుకున్నాడట. నూకరత్నం పైకెక్కి, లాగి, అంగీ తొడిగింది. అతను ఒక్కసారి పొడుగ్గా ఊపిరి వదిలాడు. ఆ ఊపిరి చప్పుడు నేను చచ్చేదాకా మరవను. మరుపు నీళ్ళలో ముంచినా మరవను!

పడవ ముక్కలైపోయిందట. వాన నీళ్ళు పట్టుకుని, పొద్దు పొడవకముందు చేపలు పట్టుకుని, పగలంతా నీడలో పడుకుని పదకొండు నెలలు బతికాడు. తలుపుల చెక్కలతో తెప్ప కట్టాడు గానీ, ఎక్కితే దారిలో ఎండ చంపేస్తుంది. అంగీ ఉంటే వచ్చేసేవాడు. అంగీ ఇంట్లో కొక్కేనికి, ఆ తర్వాత నా తొట్టిలో ఉంది.

“కొక్కేనికి వదిలేసేను కదే, దాన్నేం సేసేవు?” అని అడిగాడు.

“అమ్మగారికిచ్చేను. గంగాళానికి.”

అతను కళ్ళు చికిలించి నన్ను చూశాడు, పెళ్ళాన్ని చూశాడు. “ఒక్క గంగాళానికేనా? నా అంగీకి రెండు అడగలేకపోయేవా?”

ముగ్గురం నవ్వాం. నవ్వుతూనే ఏడ్చాం. తొంభై తొమ్మిది గొర్రెలను కొండమీద వదిలి తప్పిపోయిన ఒక్కదాని కోసం వెళ్ళిన కాపరి ఎందుకంత సంబరపడ్డాడో నాకు ఆ షెల్టరులో తెలిసింది.

బయల్దేరేటప్పుడు పోలయ్య ఇంకా ఆగ్నేయానికి చెయ్యి చూపించాడు. “అమ్మగారూ, ఆ పక్కన పొద్దుటేల పొగ లేత్తదండి. ఓ చోట కాదు, మూడు నాలుగు చోట్ల. నాలాటోళ్ళే. ఈదుకెల్లే దూరం కాదండి.”

రోహిణికి ఒక్క రోజు

పొద్దున రాయసం వారికి నేనే ఫోను చేశాను.

“బాబుగారూ, అంగీ ఇవ్వలేను. దాని మనిషి దాన్ని తొడుక్కుని మా అరుగుమీద చద్దన్నం తింటున్నాడు.”

“బొటనవేలు వేశారు, కెజియ గారూ. మాట తప్పితే మీ కొట్టు...”

“పోనివ్వండి. మీరొక్క పని చేయండి. మీ గాజు బీరువాలో అంగీలకు చెమ్మ పడుతుందా?”

“పడుతుంది. అది గాజు దోషం. రోజూ పొద్దున్నే తుడిపిస్తాను.”

“ఇవాళ తుడిపించారా?”

“ఇంకా లేదు.”

“ఏ వైపు పట్టిందో చూసి చెప్పండి.”

అడుగుల చప్పుడు వినిపించింది. తర్వాత బీరువా తలుపు తెరిచిన చప్పుడు. ఆయన గొంతు మళ్ళీ వచ్చినప్పుడు అది పెద్దమనిషి గొంతులా లేదు.

“పదకొండూ ఒకే వైపు. ఆగ్నేయం. అమ్మా, తొమ్మిదేళ్ళుగా తుడిపిస్తున్నాను.”

“ఇక తుడిపించకండి బాబుగారూ. పంపించండి.”

ఇప్పుడే కబురొచ్చింది. మైకుసెట్టు తేవలసిన పడవ పదకొండు అంగీలు వేసుకుని కొండ కింది రేవు వదిలిందట. ఒప్పందం వద్దనుకుంటున్నానని ఆయన సంతకు రాశారు గానీ, అక్కడ వినేది మనిషి కాదు, యంత్రం. వేలు వేశాక వేలే. ఈ సాయంత్రం పొద్దుగూకగానే ఈ కొట్టూ ఈ పేజీ మాయమైపోతాయి. వజ్రమ్మ పక్కన కూర్చుని ముక్కు చీదుతోంది. “పోతే పోనీ అక్కా, కొట్టు లేకపోతే కేకలేసి అమ్ముకుందాం. నీ గొంతుకి మైకెందుకు?” అంటోంది.

మైకు రాలేదు కాబట్టి ఇదే నా మైకు. వినండి!

నా దగ్గర ఆ ఆరు మొండి అంగీలు తీసుకెళ్ళినవాళ్ళారా, మీతోనే మాట్లాడుతున్నాను. నారింజ అంచుది కొన్న టీచరమ్మా! మజ్జిగ దుకాణం సత్తెయ్యగారూ, రెండు తీసుకున్నారు మీరు! చంటిబిడ్డ ఉయ్యాల కింద పరచడానికి కొన్న కొత్త దంపతులారా! మంచినీళ్ళ పడవ సరంగు గారూ! నా దగ్గర బొమ్మలతో పాటు ఊరికే పుచ్చుకెళ్ళిన పెద్దమ్మా! ఆ పొద్దు నేను మీకు చెప్పిన సాక్ష్యాలు అబద్ధం. ‘కీర్తిశేషులు’ అని రాశాను, వాళ్ళు బతికున్నారు. క్షమించమని తర్వాత అడుగుతాను, ఇప్పుడు సమయం లేదు. వేరే కొట్లలో కొన్నవాళ్ళారా, మీరూ ఇందులో ఉన్నారు. సంతలో మొండి అంగీ ఎక్కడున్నా దాని వెనక ఒక మెడ ఉంది.

పొరుగువాడి పైబట్ట నీ దగ్గర ఉంటే పొద్దుగూకకముందే తిరిగి ఇచ్చేయమని వాక్యం చెబుతోంది. అది తప్ప అతనికి కప్పుకోవడానికి ఏముందని అడుగుతోంది. రేపు రోహిణి. రోళ్ళు పగిలే ఎండ. నీడలో పడుకున్నవాడిని కూడా వెతుక్కుంటూ వచ్చే ఎండ. పోలయ్య తెడ్డు పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు, ఆ పొగలు ఎక్కడ లేస్తాయో అతనికే తెలుసు. రేపు కోడికూతకు మూడు పడవలు గట్టు మీద నుంచి కదులుతాయి. మీ అంగీ ఈ సాయంత్రానికి గట్టు చేరితే పడవెక్కుతుంది. చేరకపోతే మేము వెళ్ళి ఆ మనిషికి ఏం తొడగాలి? నా ప్రసంగమా?

మొదటి రోజు అడిగిన ప్రశ్న మళ్ళీ అడుగుతున్నాను. మీ ఇంట్లో ఉన్న ఆ అంగీ ఎవరిది?

ఈ పేజీ ఇంకో నాలుగు గంటలు ఉంటుంది. దీన్ని చదువుతూ కూర్చోకండి. ఫోను కింద పెట్టండి. కుండ దగ్గరికి వెళ్ళండి. ఏ వైపు తడిసిందో చెయ్యి పెట్టి చూడండి. విప్పండి. పడవెక్కించండి. ఇవాళే. ఇప్పుడే!